దుప్పట్లక్కకు వచ్చిన కుర్చీ

లాటరీలో ఏనాడూ ఏదీ తగలని మనిషికి ఆ ఏడు తగలకూడనిది తగిలింది.

కొండ మీది ఆ పట్టణానికి రాబోయే పాతికేళ్ల ప్రణాళిక వేయాలని మున్సిపాలిటీ తలపెట్టింది. కౌన్సిలర్లు, హోటళ్ల వాళ్లు, వ్యాపారులు మాత్రమే కూర్చుని తేల్చేస్తే జనం నమ్మరని, ఊళ్లోవాళ్ల పేర్లన్నీ చిట్టీలు రాసి ఒక డబ్బాలో వేసి, చేతికి తగిలిన కొందరు మామూలు మనుషుల్ని కూడా కమిటీలోకి తీసుకున్నారు. అలా తగిలిన చిట్టీల్లో ఒకటి దుప్పట్లక్కది.

ఆ కబురు మోసుకొచ్చిన ఆఫీసు బంట్రోతు "అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు. ఆమె చేతిలోని తడి దుప్పటి జారి బురదలో పడింది.

"నేనేం చేశాను బాబూ?" అంది.

అదీ ఆవిడ స్వభావం. ఎవరైనా పిలిస్తే ముందు తప్పేం జరిగిందో అనుకుంటుంది, తర్వాతే పలుకుతుంది. మైదానాల్లో పుట్టి పెరిగి పెళ్లితో కొండెక్కిన మనిషి. వచ్చిన రోజున ఘాటు రోడ్డు మలుపుల్లో కళ్లు గట్టిగా మూసుకుని, మొగుడి మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ మొగుడేమో జీపు డ్రైవరు. పర్యాటకుల్ని శిఖరం అంచు దాకా తీసుకెళ్లి లోయ చూపించడమే అతని బతుకుతెరువు. "జీపువాణ్ణి చేసుకుని జీపంటే వణికే పెళ్లాం ఈ భూమ్మీద నువ్వొక్కదానివే" అని అతను ఇప్పటికీ నవ్వుతాడు. ఆమె ఇప్పటికీ లోయవైపు సీట్లో కూర్చోదు.

మొదట్లో పెద్ద హోటల్లో గదులు తుడిచేది. తర్వాత వాళ్లు వదిలించుకున్న పాత వాషింగ్ మెషీన్ ఒకటి తెచ్చుకుని, ఇంటి వెనక వాగు ఒడ్డున రేకుల షెడ్డు వేసుకుని, హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఉతకడం మొదలుపెట్టింది. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. పొద్దున మంచు విడిపోయేసరికి ఆమె పెరటి నుంచి వాలు మీద కనబడినంత దూరం తెల్లటి దుప్పట్లు తాళ్ల మీద ఊగుతుండేవి. అందుకే ఆ పేరు. పెళ్లినాడు పురోహితుడో రిజిస్ట్రారో పలికిన అసలు పేరు ఆమెకే ఒక్కోసారి కొత్తగా వినిపించేది.

కమిటీ వద్దని చెప్పేయవచ్చని బంట్రోతే అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె మర్నాడు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది, వద్దని చెప్పడానికే. ప్రణాళిక పని చూడటానికి కింది నగరం నుంచి వచ్చిన ఆఫీసరమ్మ బల్ల వెనక కూర్చుని ఉంది. కళ్లజోడు, పొట్టి జుట్టు, మాటలో తొందర.

"మీరు వస్తారు కదా?" అందావిడ తలెత్తి.

వద్దని చెప్పడానికి కూడా కొంత ధైర్యం కావాలి. దుప్పట్లక్క దగ్గర అంత లేదు. "సరేనండీ" అంది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి, తనను తాను తిట్టుకుంది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు పడీపడీ నవ్వింది. ముసలావిడకు కాళ్లు పట్టు తప్పాయి గానీ నోరు తప్పలేదు. "మా ఇంటి కోడలు ఊరేలడానికి పోతోంది. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో మాత్రం రోజూ నన్నడుగుతుంది" అంది.

భర్త మాత్రం నవ్వలేదు. "వెళ్లు. కూర్చో. టీ ఇస్తే తాగు. ఎవడేమన్నా తలూపు. నోరు మాత్రం తెరవకు" అన్నాడు.

అతని భయం అతనిది. ఊరు మారుతోందని అందరికీ తెలుసు. ఒకప్పుడు ఎండలు మొదలైతే వచ్చి, వానలు పడగానే పోయే జనం ఇప్పుడు సెలవు దొరికితే చాలు, చీమలబారులా కొండెక్కుతున్నారు. నాలుగు నెలలు ఊరికి ఊపిరాడదు, ఎనిమిది నెలలు ఊరికి పనుండదు. కిందటి సీజన్లో బండ్లు మలుపుల్లో ఇరుక్కుని ఒక పూటంతా కదల్లేదు. అంబులెన్సులో ఉన్న స్కూలు మాస్టారు అందులోనే పోయాడు. చెలమలు ఒక్కొక్కటే ఎండుతుంటే ట్యాంకర్లు హోటళ్ల గేట్లలోకి పోయేవి, వీధి కుళాయిలు బుస్సుమని గాలి వదిలేవి. కొత్తగా తవ్విన కార్ల పార్కింగు వానకు ముక్కలై సగం లోయలోకి జారింది. ఇలాగే పోతే ఊరే ఉండదని కొందరు, ఆపితే ఊళ్లో కూడే ఉండదని కొందరు. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుండేది, అదే అసలు భయం.

సమావేశాలు మున్సిపల్ ఆఫీసు మేడ మీద, మధ్యాహ్నాలు. పొడుగాటి బల్ల, చుట్టూ ఎత్తు వీపుల కుర్చీలు. తనకిచ్చిన కుర్చీ అంచు మీదే కూర్చునేది దుప్పట్లక్క, ఎవరైనా లెమ్మంటే వెంటనే లేవడానికి వీలుగా. ఎదురుగా పెద్ద హోటల్ యజమాని కూర్చునేవాడు. హోటళ్ల సంఘానికి అధ్యక్షుడు, తెల్లటి మీసం, మాట్లాడితే గ్లాసులో నీళ్లు వణికేంత గొంతు. ఆమె చీపురు పట్టిన రోజుల నుంచి ఆయన్ని "సార్" అనే పిలిచేది. ఆయన పక్కన జీపుల సంఘం లీడరు, అటు నలుగురు కౌన్సిలర్లు, ఇటు చిట్టీలు తగిలిన మిగతావాళ్లు.

ఆఫీసరమ్మ గోడకు పెద్ద పటం తగిలించి తన ప్రతిపాదన చెప్పింది. ఇకమీదట కొత్త హోటల్ గదులకు అనుమతి లేదు. బయటి బండ్లు కొండ కిందే ఆగాలి, పైకి బ్యాటరీ బస్సులే. శిఖరం దారిలో జీపులు మెల్లగా తగ్గిపోవాలి. పర్యాటకుల నుంచి వచ్చే రుసుములో ఒక వాటా చెలమల బాగుకు, వానాకాలపు పనులకు, అంటే అడవి పెంపకానికి, కొయ్యపనికి, పిల్లల శిక్షణ శిబిరాలకు. "నాలుగు నెలల సంపాదన మీద పన్నెండు నెలలు బతకడం కాదు, పన్నెండు నెలలూ కొద్దికొద్దిగా బతికే ఊరు కావాలి" అందామె.

తర్వాత పటం మీద వాగు వెంబడి ఎర్రచుక్కలు చూపించింది. "వాగు పోయి కలిసే చెరువులో తెల్లటి నురగ చూశారుగా. ఈ చుక్కలన్నీ లాండ్రీలు. ఇవి మూసెయ్యాలి. కొండ కింద నీళ్లు శుద్ధి చేసుకునే ఉమ్మడి లాండ్రీ ఒకటి పెట్టాలి."

ఆ ఎర్రచుక్కల్లో వంపు దగ్గరున్నది తనదే. దుప్పట్లక్క బల్ల మీదున్న రెండు చేతులూ మెల్లగా ఒళ్లోకి లాక్కుంది. సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, తెల్లగా ఉబ్బిన గోళ్లు. ఎవరైనా ఆ చేతులు చూస్తే చెరువు నురగ వాటికే అంటుకుని ఉన్నట్టు కనబడుతుందని భయపడింది. తేలు కుట్టిన దొంగలా ఆ పూటంతా నోరు మెదపలేదు.

ఆ తర్వాత కూడా మెదపలేదు. వారం తర్వాత వారం కూర్చుని వచ్చేది. మాట్లాడకపోయినా భయం తగ్గలేదు, పెరిగింది. లెక్కేసుకుంటే కమిటీలో సగం అటు, సగం ఇటు. ఎటూ చెప్పనిది తానొక్కతే. గోడ మీద పిల్లి ఎటు దూకుతుందా అని ఊరంతా చూడటం మొదలుపెట్టింది.

ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు ఆమె రాగానే మాటలాపేసేవాళ్లు. జీపుల లీడరు ఇంటికొచ్చి, టీ తాగి, ఎంతో నవ్వుతూ, "వదినా, మన జీపుల పొట్టకొట్టే పని నువ్వు చెయ్యవని నాకు తెలుసు. మనవాళ్లలో కొందరు కుర్రాళ్లు తొందరమనుషులు, వాళ్లకే తెలీదు" అన్నాడు. కప్పు కింద పెట్టి నవ్వు చెరపకుండానే వెళ్లిపోయాడు. ఆ నవ్వు రెండ్రోజులు ఇంట్లోనే తిరుగుతున్నట్టనిపించింది ఆమెకు.

మూడో నాటి ఉదయం మంచులో పెరట్లోకి వెళ్లి చూస్తే, తాళ్ల మీది దుప్పట్ల నిండా నల్లటి ఇంజనాయిలు. ఒక్కటి మిగల్లేదు. ప్రతిదాని మధ్యలో అరచెయ్యంత మరక, ఓపిగ్గా ఒక్కొక్కటీ వెతికి పూసినట్టు. ఆమె కేక వెయ్యలేదు. చుట్టూ చూసింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే రెండో తాడు అవతల ఎవరైనా నిలబడి ఉన్నా కనబడరు. నిలబడే ఉన్నారేమో. గబగబా దుప్పట్లన్నీ లాగి, షెడ్డులోకి తెచ్చుకుని గడియ పెట్టుకుంది.

అత్తగారు కర్ర ఊతంతో వచ్చి తలుపు తట్టే దాకా ఆ మరకలు తోముతూనే ఉంది.

"ఎవరు చేశారే?"

"మెషీనులో గ్రీజు అంటుకుంది అత్తయ్యా."

ముసలావిడ ఒక దుప్పటి వాసన చూసింది. "మెషీనులు కూడా జీపు వాసన కొట్టడం మొదలెట్టాయన్నమాట" అని, ఇంకేం అడగకుండా పక్కన కూర్చుని తానూ ఒక కొస పట్టుకుంది.

భర్తకు ఇద్దరూ చెప్పలేదు. చెబితే అతను జీపుల స్టాండులో కొట్లాటకు దిగుతాడనో, దిగడనో. ఆమెకు రెండూ భయమే.

ఇక ఓటింగు వారంలో ఉందనగా పెద్ద హోటల్ యజమాని షెడ్డుకు వచ్చాడు. ఆయన కారు సందు చివర ఆగడం, ఆయన ఒక్కడే గొడుగేసుకుని వాగు వెంట నడిచి రావడం చూసి ఆమె చేతిలోని తువ్వాలు కింద పెట్టి లేచింది. బట్టలు ఇక ఇవ్వనని చెప్పడానికే వస్తున్నాడనుకుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఆమె ఒక్కగానొక్క కూతురు ఆయన హోటల్లోనే రిసెప్షన్‌లో పనిచేస్తోంది. వారంలో ఆరు రోజులు అక్కడే స్టాఫు గదుల్లో ఉంటుంది.

"కూర్చోవచ్చా?" అన్నాడాయన. కూర్చోవడానికి బోర్లించిన బకెట్టు తప్ప ఏం లేదు. ఆయన దాని మీదే కూర్చున్నాడు. మెషీన్ల ఆవిరి మధ్య ఆయన మీసం కూడా ముడుచుకుపోయినట్టుంది.

"ఓటింగులో నేను వద్దంటాను. గట్టిగానే అంటాను. సంఘం అధ్యక్షుణ్ణి, అనకపోతే తోలు తీస్తారు. నువ్వు మాత్రం చెయ్యెత్తమ్మా" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. "ఏ వైపు సార్?"

"ప్రణాళిక కావాలని." గొంతు తగ్గించాడు. "మా బోరు ఎండిపోయింది. కొత్త బోరులో బురద వస్తోంది. ఇంకో అంతస్తు వేద్దామనుకున్నాను, ఇంజినీరు ఒప్పుకోలేదు. వెనక బ్లాకు గోడ నెర్రెలిచ్చింది, కొండ కదులుతోందంటున్నాడు. పక్కవాడు కడుతుంటే నేను ఆగలేను, నేను కడుతుంటే వాడు ఆగడు. ఎవరో ఒకరు అందర్నీ ఒకేసారి ఆపాలి. నావల్ల కాదు. నాకు భయంగా ఉంది."

దుప్పట్లక్క జీవితమంతా ఒక నమ్మకం మీద బతికింది. తను భయపడుతుంది, పర్వాలేదు. పైన ఎవరో భయం లేని వాళ్లున్నారు, స్టీరింగు వాళ్ల చేతిలో ఉంది. ఇప్పుడు ఆ స్టీరింగు పట్టుకున్న మనిషి తన బకెట్టు మీద కూర్చుని భయమంటున్నాడు. కాళ్ల కింది నేల మెత్తబడ్డట్టయింది.

"మీకే భయమైతే మా గతేంటి సార్?" అంది. అప్పుడు ఇంకో మాట తట్టింది. "వెనక బ్లాకంటే... స్టాఫు గదులు కదా?"

ఆయన గొడుగు చివర తడినేలలో గుచ్చాడు.

"మా అమ్మాయి పడుకునేది అక్కడే సార్."

"ఖాళీ చేయిస్తాను."

"ఎప్పుడు?"

"సీజను అయిపోనీ. ఇప్పుడు కదిలిస్తే గెస్టులకు తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ ఉన్న గోడ, ఈ నాలుగు వారాలు ఉండదా?" అని లేచి, గొడుగు తెరుచుకుంటూ, "ఈ మాట నీలోనే ఉండనీ" అన్నాడు.

ఆయన కారు కదిలిందో లేదో ఆమె మెషీన్లు ఆపకుండానే బయల్దేరింది. ఎత్తురోడ్డు మీద రొప్పుతూ, ఆగుతూ, పెద్ద హోటల్ వెనక గేటు దాకా వెళ్లింది. ముందువైపు పూలకుండీలు, పాటలు, ఫొటోలు దిగే జంటలు. వెనకవైపు కొండను నిలువుగా కోసి కట్టిన బ్లాకు, దాని కింది అంతస్తులో వరసగా ఇనుప మంచాలు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ. కూతురు జుట్టు దువ్వుకుంటోంది.

గోడకు ఒక సినిమా పోస్టరు అతికించి ఉంది. దుప్పట్లక్క దాని అంచు పట్టుకుని లేపింది. వెనక నెర్రె పై నుంచి కింది దాకా, మెట్లు మెట్లుగా. ఆమె నాలుగు వేళ్లూ లోపలికి పట్టాయి. లోపల్నుంచి చల్లటి గాలి చేతికి తగిలింది, ఎవరో ఊపిరి వదిలినట్టు. చెయ్యి చటుక్కున లాక్కుంది.

"నీకు తెలుసా ఇది?"

"అందరికీ తెలుసమ్మా. అందుకే పోస్టరు."

"తెలిసి పడుకుంటున్నావా?"

"చెబితే ఇంటికి పొమ్మంటారు. ఇంటికొచ్చి ఏం చెయ్యాలి, దుప్పట్లు పిండాలా?"

"పిండు" అంది తల్లి. కూతురి సంచీలో చేతికందిన బట్టలన్నీ కుక్కడం మొదలుపెట్టింది. సంచీ ఉబ్బిపోయి జిప్పు పడలేదు. మంచాల మీదున్న మిగతా ఆడపిల్లలు చూస్తున్నారు. ఒకమ్మాయి మాత్రం లేచొచ్చి ఆ జిప్పు వేసి ఇచ్చింది.

తల్లీకూతుళ్లు సంచీని చెరో కొసా పట్టుకుని ఎత్తురోడ్డు దిగారు. ఇంట్లో పెద్ద రభసే అయింది.

"ఆయన మాట బయటికి పొక్కనిస్తే ఆ హోటల్ ఒక్కటే కాదు, సీజనంతా పోతుంది. కొండ కదులుతోందని తెలిస్తే ఒక్క బండి రాదు. నా జీపూ పోతుంది, నీ మెషీన్లూ పోతాయి. పిల్లని తెచ్చుకున్నాం, అంతే. ఇక నోరు మూసుకో" అన్నాడు భర్త. అరుపులా లేదది, బతిమాలినట్టుంది.

ఆమె తలూపింది. నిజంగానే మూసుకుందామనుకుంది.

అత్తగారు మంచం మీద నుంచి, "పిల్ల వచ్చింది సరే. మిగతా పిల్లలకు అమ్మలెవరూ లేరా?" అంది.

ఓటింగు దాకా రోజూ వాన. షెడ్డు రేకుల మీద చినుకు పడ్డప్పుడల్లా దుప్పట్లక్క కొండవైపు చూసేది. ఎక్కడ రాయి దొర్లినా, తలుపు కొట్టుకున్నా, మెషీను ఆఖరి తిప్పుడులో గడగడలాడినా ఆమెకు ఒకటే చప్పుడు వినిపించేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ జిప్పు వేసిచ్చిన అమ్మాయి వేళ్లు గుర్తొచ్చేవి. ఆ పిల్లది ఏ ఊరో, ఎవరి కూతురో కూడా అడగలేదు తను.

ఓటింగు నాడు మేడ మీద హాలు కిటకిటలాడింది. కింద రోడ్డంతా జీపులు, హారన్లు. ఆమె మెట్లెక్కుతుంటే ఎవరో వెనక నుంచి "చెయ్యి చూసి ఎత్తు అక్కా" అన్నారు. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

పెద్ద హోటల్ యజమాని లేచి, అన్నట్టే గట్టిగా మాట్లాడాడు. ఊరిని చంపే ప్రణాళిక అన్నాడు. కింది నుంచి వచ్చినవాళ్లకు కొండ సంగతేం తెలుసన్నాడు. చప్పట్లు పడ్డాయి. కూర్చుంటూ దుప్పట్లక్క వైపు ఒక్క చూపు చూశాడు, ఇక నీ వంతు అన్నట్టు.

"ఓటింగుకు ముందు ఇంకెవరైనా మాట్లాడతారా?" అంది ఆఫీసరమ్మ.

లేవాలని దుప్పట్లక్క అనుకోలేదు. కుర్చీ అంచు మీదే కూర్చునే అలవాటు వల్ల, కాళ్లు సర్దుకోబోయేసరికి జారి పడబోయి, బల్ల పట్టుకుని నిలబడింది. అందరూ ఆమె మాట్లాడుతుందనుకుని తలలు అటు తిప్పారు. తిరిగి కూర్చోవడానికి కూడా ఆమెకు భయమేసింది.

"పెద్ద హోటల్ వెనక బ్లాకు గోడ పగిలింది" అంది. "దాని కింద ఆడపిల్లలు పడుకుంటున్నారు. నా కూతుర్ని తెచ్చేసుకున్నాను. వాళ్లని తేలేదు. వాళ్లని తియ్యండి. ప్రణాళికేదో తర్వాత చూసుకుందురు గానీ, ముందు వాళ్లని తియ్యండి."

"అబద్ధం!" అన్నాడు యజమాని. మాట నోటి నుంచి దానంతటదే వచ్చేసినట్టుంది. ఆయన మొహం చూసిన వాళ్లెవరికీ ఆ అబద్ధం అన్న మాట మీద నమ్మకం మిగల్లేదు.

హాలంతా గోల. "అమ్ముడుపోయింది" అన్నారెవరో. "ఊరి పరువు తీసింది" అన్నారింకెవరో. ఆఫీసరమ్మ గొడుగు తీసుకుని, "గోడ ఎక్కడికీ పోదు కదా, వెళ్లి చూద్దాం పదండి" అంది. కమిటీ మొత్తం వానలో నడిచి వెళ్లింది. దుప్పట్లక్క చివరన నడిచింది, పక్కన ఎవరూ లేకుండా.

ఆఫీసరమ్మ పోస్టరు తీసి, నెర్రెలో చెయ్యి పెట్టి చూసింది. జీపుల లీడరే ముందుగా ఒక ఇనుప మంచం పట్టుకుని బయటికి లాగడం మొదలుపెట్టాడు. అతని చెల్లెలి కూతురు కూడా అక్కడే పనిచేస్తోందని దుప్పట్లక్కకు అప్పుడే తెలిసింది. సాయంత్రం కాకముందే బ్లాకు ఖాళీ అయింది. పిల్లల్ని ముందువైపు గెస్టు గదుల్లో పెట్టారు.

ఓటింగు మరో వారానికి జరిగింది. ప్రణాళిక ఒక్క చెయ్యి తేడాతో నెగ్గింది. దుప్పట్లక్క చెయ్యెత్తింది, మోచెయ్యి బల్లకు ఆనించి. అది తన లాండ్రీ మీద తానే ఎత్తిన చెయ్యి అని ఆమెకు తెలుసు. యజమాని వద్దన్న వైపే చెయ్యెత్తాడు. ఆయన ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు, బట్టలూ పంపలేదు. అమ్మాయిని మళ్లీ పనిలోకి రమ్మనలేదు. ఆయన చెప్పుకున్న రహస్యాన్ని బజారున పెట్టానన్న బాధ ఆమెకు ఉండిపోయింది. చెప్పకపోతే ఉండే బాధ ఇంకోటి. రెంటిలో ఏది పెద్దదో తూచే తక్కెడ ఆమె దగ్గర లేదు.

ఇంట్లో భర్త మౌనవ్రతం పట్టాడు. ఏం కావాలన్నా తల్లి ద్వారానే. "అమ్మా, తువ్వాలు ఎక్కడుందో అడుగు" అంటే, పక్కనే ఉన్న పెళ్లాం వినేది, ముసలావిడ తిరిగి చెప్పేది. కొన్నాళ్లకు అత్తగారికి విసుగొచ్చి, "నేను మనిషిననుకున్నారా, టెలిఫోను స్తంభమనుకున్నారా? నా మీద వాలిన కాకులు కూడా మీకంటే ఎక్కువ మాట్లాడతాయి" అంది. అతనికి నవ్వాగలేదు. నవ్వాక మాట్లాడక తప్పలేదు. వంతులవారీగా బ్యాటరీ బస్సు తోలే పనికి కూడా, గొణుక్కుంటూనే, శిక్షణకు వెళ్లాడు. "చప్పుడు చెయ్యని బండి తోలడమంటే దయ్యంతో కాపురం చేసినట్టుంది" అనేవాడు.

మొదటి సీజను భయపడినట్టే గడిచింది. గోడ వార్త పేపర్లకెక్కింది. జనం సగానికి సగం తగ్గారు. బజార్లో కొట్లవాళ్లు దుప్పట్లక్కను చూసి మొహం తిప్పుకునేవాళ్లు. విచిత్రమేమిటంటే, ఆ గోడ పడలేదు. రెండు వానాకాలాలు గడిచినా అలాగే, ఇనుప దూలాల ఊతంతో, ఖాళీ గదుల మీద ఒరిగి నిలబడి ఉంది. "చూశావా, పడలేదుగా" అని ఆమెకు వినబడేలా అనేవాళ్లున్నారు. పడలేదని సంతోషించాలో, పడి ఉంటే తన మాట నిలిచేదని అనుకోవాలో తెలియక, అలా అనుకున్నందుకు తనకు తానే జడుసుకునేది.

వాగు ఒడ్డున షెడ్డు మూసేసింది. కొండ కింద ఉమ్మడి లాండ్రీలో ఇప్పుడు మిగతా లాండ్రీలవాళ్లతో పాటు ఆమెకూ భాగం ఉంది. అక్కడి నీళ్లు తొట్లలో తేరుకుని మళ్లీ మెషీన్లలోకే వస్తాయి. మొదట్లో ఆ నీళ్లను నమ్మలేక ప్రతి దుప్పటినీ రెండుసార్లు వాసన చూసేది. కూతురు వానాకాలంలో నడిచే శిక్షణ శిబిరాల ఆఫీసులో చేరింది. జీతం తక్కువ, కానీ పన్నెండు నెలలూ వస్తుంది. వీధి కుళాయిలో పోయిన ఎండల్లో కూడా పొద్దుటి పూట నీళ్లు వచ్చాయి. అది ప్రణాళిక వల్లో, వాన ఎక్కువ పడటం వల్లో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఆఫీసరమ్మ కూడా చెప్పలేదు. "ఇంకో అయిదేళ్లు చూడాలి" అంటుంది.

కమిటీ ఇప్పటికీ కూడుతుంది. గదుల పరిమితి ఎత్తెయ్యాలని హోటళ్ల సంఘం మళ్లీ అర్జీ పెట్టింది. ఈసారి వాళ్లవైపు బలం ఎక్కువగానే ఉందంటున్నారు. దాని మీద మాట్లాడటానికి మొన్న దుప్పట్లక్క లాండ్రీ నుంచి పైకి బస్సెక్కింది. లోయవైపు సీటు ఒక్కటే ఖాళీగా ఉంటే, కూర్చోకుండా కడ్డీ పట్టుకుని నిలబడింది.

"కూర్చోవే, పడతావు" అన్నాడు తోలుతున్న భర్త అద్దంలోంచి.

"పర్లేదు, పోనివ్వండి" అంది.

బస్సు చప్పుడు లేకుండా మలుపు తిరిగింది. మంచులో ముందున్న రోడ్డు కొద్దిగానే కనబడుతోంది. అతను మెల్లగానే పోనిచ్చాడు.